బాబాయి ఊడ్చిన దిబ్బ

మా బాబాయికి ఇసుకంటే పడదు. పడనివాడు సముద్రపొడ్డున నర్సరీ ఎందుకు పెట్టాడని అడక్కండి. మా ఇంట్లో ఎవరి తిక్క వాళ్లకు ఆనందం.

అలలు దిబ్బను కోసుకుపోతున్నాయని రాతిగోడ కట్టడానికి సర్కారు ఆఫీసువాళ్లు సిద్ధమయ్యారు. గోడ వస్తే మా నర్సరీ దాని కింద పోతుంది. "గోడెందుకండీ? ఈ దిబ్బల మీద పుట్టిన గడ్డే ఉంది. ఒకసారి వేళ్లూనిందంటే ఏళ్ల తరబడి ఇసుకను కదలనివ్వదు" అని వాదించి, ఒక్క ఎండాకాలం గడువు తెచ్చాను.

దిబ్బ మీద కంచె కట్టి, లోపల బలమైన నారు నాటాం. బక్కది కంచె అవతల పారేశాం. ఇక బాబాయి పొద్దున్నే లేవడం, మొక్కల మొదట్లో చేరిన ఇసుకంతా చీపురుతో ఊడ్చి, తట్టకెత్తి కంచె అవతల పోయడం. "పాపం, వాటికీ గాలాడాలి కదే!" అనేవాడు. నిజమే కాబోలనుకున్నాను. తీరా ఆ ఆఫీసు ఇంజనీరమ్మ చూడడానికి వచ్చే రోజుకి గడ్డంతా కామెర్లొచ్చినట్టు పాలిపోయింది.

"నీ శుభ్రం మండిపోనూ! కొంప ముంచావు కదా బాబాయ్!" అని ఎగిరాను. ఆయన ఎండిన మొక్కలైనా ఆవిడ కంటపడకూడదని పీకి, తట్టతో కంచె అవతలికి వెళ్లాడు.

"ఒసేయ్! ఇలా రావే!"

పామేమోనని పరుగెత్తాను. పాము కాదు. పారేసిన నారు మీదే ఆయన రోజూ ఇసుక పోశాడు. ఆ గుట్టను చీల్చుకుని మోకాలెత్తు గడ్డి, నవనవలాడుతూ! లాగాను, రాలేదు. చేత్తో తవ్వాను. ఇసుకలో మునిగిన ప్రతి కణుపుకీ కొత్త వేళ్లే. ఇది పూడ్చేకొద్దీ పైకి లేచే గడ్డి! ఆనందం పట్టలేక బాబాయి చేతులు పట్టుకుని గెంతాను. ఆయనా గెంతాడు.

అంతలో ఇంజనీరమ్మ వచ్చింది. కంచెకు ఇటూ అటూ చూసింది. "అవతలిది ఎవరు పెంచారండీ?"

"పెంచలేదమ్మా," అన్నాడు బాబాయి తల దించుకుని. "పారేశాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ పకపకా నవ్వింది.

"అయితే దిబ్బంతా ఇలాగే పారేయండి. గోడ అక్కర్లేదని నేను చెప్తాను."

ఆవిడ ఇంకా గేటు దాటలేదు. బాబాయి పాలిపోయిన మొక్కల మధ్య చతికిలబడి, దోసిళ్లతో ఇసుక పోస్తున్నాడు.

"గుడ్లప్పగించి చూస్తావేంటే? తట్ట తీసుకురా!"