వంతెనకి రంగు వేస్తున్నారు

అల్లుడు ఇల్లరికం వెళ్లడం అందరూ ఎరిగిందే. ఆ ఇంట్లో మాత్రం మావ ఇల్లరికం వచ్చాడు. ఈ మాట అన్నది గిట్టనివాళ్లు కాదు, సాక్షాత్తూ ఆ మావే. భార్య పోయాక ఒక రేకు పెట్టె, ఒక మడత కుర్చీ పట్టుకుని కూతురింటి ముందు బండి దిగిన రోజున, "ఇల్లరికం అల్లుడంటే అందరికీ లోకువే. ఇల్లరికం మావని కూడా అలాగే చూస్తానంటే ఇప్పుడే చెప్పెయ్, ఇదే బండిలో వెనక్కి పోతా" అన్నాడు. బండి అప్పటికే వెళ్లిపోయింది. ఆ సంగతి ఆయనకి కనబడలేదు. జీవితమంతా వెల్డింగు మంట చూసిన కళ్లు. పనిలో పడితే నల్లద్దం ఎక్కడ పెట్టాడో మరిచిపోయే రకం మనిషి. చివరికి ఆ కళ్లకి వెలుగూ చీకటీ తేడా ఒక్కటే మిగిలింది.

అల్లుడిది సరిగ్గా ఎదురు పని. పాత కట్టడాలు విప్పుతాడు. దూలాలు, ట్యాంకులు, బాయిలర్లు, ఎంత మందం ఇనుమైనా ముక్కలు చేసి లారీకెక్కిస్తాడు. "నేను అతుకుతూ పోయాను, నువ్వు కోస్తూ వస్తున్నావు. నీకు పిల్లనిచ్చింది ఇందుకా?" అని మావ వేళాకోళమాడేవాడు. మీరు అంత గట్టిగా అతక్కపోతే నాకిన్ని బ్లేడ్లు తగలబడేవి కాదని అల్లుడు అనేవాడు. ఇద్దరికీ అదో ఆట. మధ్యలో కూతురు, మీ ఇద్దరి ఇనుము గోలా పడలేకపోతున్నాను బాబోయ్ అని నెత్తి కొట్టుకునేది.

గ్యాసుతో కోయడానికి వీల్లేని చోట అల్లుడు వాడేది రెసిప్రో రంపం. రెండు చేతులా పట్టుకునే మిషను, దాని మూతికి జానెడు బ్లేడు. మీట నొక్కితే ఆ బ్లేడు ముందుకీ వెనక్కీ ఆడుతూ కోసుకుపోతుంది. మందం ఇనుము మీద మామూలు బ్లేడు ఇట్టే బోడి అయిపోతుంది, అందుకని దానికి కార్బైడ్ పళ్ల బ్లేడు వేస్తారు. పంటి పంటికీ చివర కార్బైడ్ ముక్క అతికి ఉంటుంది. గట్టిదే గానీ పెళుసు. అదిమిపెట్టి నిదానంగా కోస్తే చెప్పినమాట వింటుంది, ఎగరనిచ్చామా, పళ్లు రాల్చుకుని కూర్చుంటుంది.

రోజూ సాయంత్రం అల్లుడు పనిసంచీ తెచ్చి మావ ఒళ్లో పెట్టేవాడు. వాడిన బ్లేడ్లని మావ నూనెగుడ్డతో తుడిచి, పళ్ల మీద బొటనవేలు మెల్లగా పోనిచ్చి, ఇంకా పనికొచ్చేవి ఒక డబ్బాలో, పనికిరానివి ఇంకో డబ్బాలో వేసేవాడు. మొదట్లో ముసలాయనకి పొద్దుపోవడానికని ఇచ్చిన పని అది. పోనుపోనూ అల్లుడి ముఠాలో ఎవరూ మావ చెయ్యి పడని పాత బ్లేడుని మిషనుకి తగిలించడం మానేశారు. ఆ మాట అల్లుడు వచ్చి చెబితే మావ పైకి విసుక్కున్నాడు గానీ, ఆ పూట ఇంకో గరిటె వడ్డించుకున్నాడు.

అదొకటీ, వంతెన ఒకటీ. ఆయన బతుకులో మిగిలినవి ఆ రెండే.

రైలు పట్టాలు దాటడానికి జనం నడిచే ఇనుప వంతెన అది. వయసులో ఉండగా మావ తన చేతులతో అతికాడు. ఇంకా ఎన్నో పనులు చేశాడు గానీ అవన్నీ ఫ్యాక్టరీ గోడల వెనక ఉండిపోయాయి. ఊళ్లో మనుషులు నడిచేది ఇదొక్కటే. పెళ్లయిన కొత్తలో ఆయన డ్యూటీ దిగే వేళకి భార్య వచ్చి ఆ మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేది. జుట్టు నెరిసినా ఆ అలవాటు పోలేదు. ఆవిడ పోయాక మావ తిండి మానేశాడు. పిలిస్తే పలికేవాడు కాదు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. కూతురికి ఏం చెయ్యాలో తోచక ఒక సాయంత్రం చెయ్యి పట్టుకుని వంతెన దాకా నడిపించుకెళ్లింది. కొన్ని మెట్లెక్కి, కటకటాల మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. చీకటి పడేదాకా కూర్చుని, ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. అప్పట్నుంచి వానొచ్చినా వరదొచ్చినా ఆ నడక తప్పలేదు. మనిషి బతికి బట్టకట్టింది ఆ మెట్ల మీదేనని మొగుడూ పెళ్లాలిద్దరికీ తెలుసు.

అలాంటి వంతెనని విప్పే పని వచ్చి వచ్చి అల్లుడి నెత్తినే పడింది. పక్కన లిఫ్టుతో కొత్త వంతెన లేచింది, పాతదాన్ని తీసేయమన్నారు. పట్టాల పక్కనే చమురు ట్యాంకులు, అక్కడ గ్యాసు మంటా నిప్పురవ్వలూ కుదరవు, రంపంతోనే కోయాలి. కాంట్రాక్టరు నేరుగా అల్లుణ్ణి పిలిచాడు. అల్లుడు నావల్ల కాదని వచ్చేశాడు. వచ్చాక తిండి సహించలేదు, నిద్ర పట్టలేదు. చివరికి తనే వెళ్లి ఒప్పుకున్నాడు. తను కాకపోతే ఇంకొకడు చేస్తాడు, ఆ ఇంకొకడు మెట్లని పైనుంచి కిందికి విసిరేస్తాడు, తనైతే పట్టుకుని దించుతాడు. ఇది తనకి తాను చెప్పుకుంటున్న సమర్థింపేనని అతనికీ తెలుసు. సమర్థించుకోకుండా లోకంలో ఎవడు బతుకుతున్నాడు గనక.

భార్యకి చెబితే ఆవిడ గోడకి ఆనుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, నాన్నకి చెప్పడానికి వీల్లేదంది. చెబితే మళ్లీ గోడవైపు తిరుగుతాడు, ఈసారి ఇటు తిరగడంది. రంగు వేస్తున్నారు, తడిగా ఉంది, ఎవర్నీ రానివ్వడం లేదని చెబుదామంది. ఎన్నాళ్లని చెబుతామని అల్లుడు అడిగితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అబద్ధాలాడటంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషేమీ కాదు గానీ, మొదలుపెట్టాక అడ్డూ ఆపూ లేకపోయింది. ముందు తుప్పు గీకుతున్నారంది. ఆ తర్వాత ఎర్రటి పూత వేశారంది. దాని మీద నీలం మొదలుపెట్టారంది. మావ చెవి అప్పగించి వినేవాడు. "అతుకుల మూలల్లో తుప్పు గీకారా? అక్కడే వదిలేస్తారు వెధవలు" అని ఆరా తీసేవాడు. మూలల్లోనూ గీకారని ఆవిడ హామీ ఇచ్చేది. అల్లుడు కంచంలో తల దూర్చేసేవాడు.

ఒకరోజు మావ చెప్పులు తొడుక్కుని గుమ్మం దిగాడు. ఎక్కనివ్వకపోతే పోనీ, దూరం నుంచి రంగు వాసనైనా చూసొస్తానన్నాడు. కూతురు చెయ్యి పట్టుకుని ఆపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మర్నాడు అల్లుడు చిన్న రంగు డబ్బా కొని, చొక్కా అంచుకి ఇంత రాసుకుని ఇంటికొచ్చాడు. అటుగా వస్తుంటే అంటుకుందని చెప్పాడు. మావ ఆ అంచు పట్టుకుని వాసన చూసి వదిలేశాడు. గండం గడిచిందని మొగుడూ పెళ్లాలు ఊపిరి పీల్చుకున్నారు.

అక్కడ వంతెన మీద నడిచే పలకలు, కటకటాలు తేలిగ్గానే వచ్చాయి. గొడవంతా మెట్ల దగ్గర. మెట్ల వరసని నిలువునా రెండుగా చీల్చి క్రేనుతో దించుదామని అల్లుడి లెక్క. మొదటి మెట్టు అంచు మీద బ్లేడు ఆనిందో లేదో టపటపా చప్పుడు, మిషను చేతుల్లో గింజుకుంది. తీసి చూస్తే కొత్త బ్లేడుకి వరసగా పళ్లు లేవు. ఇంకోటి తగిలించి, స్పీడు తగ్గించి, ఒళ్లంతా బరువేసి అదిమాడు. అదీ అంతే. డ్రాయింగు తిరగేస్తే మెట్లది మామూలు ఇనుమనే ఉంది. ఇంతకన్నా మందం దూలాల్ని కోసిన చేతికి ఈ మెట్టు ఎందుకు లొంగడం లేదో అర్థం కాలేదు.

ఆ సాయంత్రం సంచీ యథాప్రకారం మావ ఒళ్లోకి వెళ్లింది. వంతెన సంగతి దాచడానికి చొక్కాకి రంగు రాసుకున్న మనిషికి బ్లేడ్లు దాచాలని తోచలేదు. దేన్ని కోసినా బ్లేడు బ్లేడే కదా అనుకున్నాడు.

మావ బొటనవేలు మొదటి బ్లేడు మీద సగం దాకా వెళ్లి ఆగింది. వెనక్కొచ్చి మళ్లీ వెళ్లింది. ఇంకోటి తీశాడు, ఇంకోటి తీశాడు. దేన్ని కోస్తున్నావని అడిగాడు. పాత మిల్లులో దూలాలని అల్లుడు చెప్పాడు. బాగా మందమా అంటే, బాగా మందమన్నాడు. మావ ఆ బ్లేడ్లన్నీ పనికిరాని డబ్బాలో వేసి, ఆకలి లేదని చెప్పి పడుకున్నాడు. మర్నాడూ బ్లేడ్లు అలాగే వచ్చాయి, మర్నాడూ ఏమీ అడగలేదు. కూతురు రంగు కబుర్లు మొదలెడితే మాత్రం మునుపటికన్నా ఎక్కువ అడిగాడు. నీలమంటే ఎలాంటి నీలం, ఆకాశం నీలమా, సిరా నీలమా అని అడిగాడు. ఆవిడ కాసేపు తడబడి, ఆకాశం నీలమే నాన్నా అంది.

ఆ తర్వాతి సాయంత్రం కూతురు ఆరేసిన బట్టలు తేవడానికి డాబా ఎక్కింది. ఆమె చెప్పుల చప్పుడు పైకి పోయి ఆగేదాకా మావ ఆగాడు. చేతిలో బ్లేడుని అల్లుడికి అందించాడు.

"ఇనుము కోస్తే పళ్లు అరుగుతాయి అల్లుడూ, ఇలా రాలవు. ఆ మెట్ల అంచుల్లో గట్టి రాడ్డుతో ఒక వరస వెల్డింగు వేశాను. రాళ్లు నలగ్గొట్టే మిషను దవడలకి వేసే రాడ్డు అది. డ్రాయింగులో ఉండదు. జనం తొక్కి తొక్కి అంచులు అరిగితే మీ అత్తయ్య జారిపడుతుందేమోనని వేశాను. మెట్లకి అది వేసిన పిచ్చివాడు నాకు తెలిసి నేనొక్కణ్ణే."

అల్లుడు బ్లేడు కింద పెట్టాడు. ఎందుకు ఒప్పుకున్నాడో, చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నాడో, ఎంత భయమేసిందో ముక్కలు ముక్కలుగా ఏదో చెప్పబోయాడు. మావ చెయ్యెత్తి ఆపాడు. "చొక్కాకి రాసుకున్నది తలుపులకి వేసే రంగు. ఆ మాత్రం వాసన తెలీదనుకున్నావా?" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. అల్లుడు నవ్వలేకపోయాడు.

"మెట్టుని కోయకు" అన్నాడు మావ. "మెట్టుకీ, పక్కన దాన్ని మోసే దూలానికీ మధ్య అతుకుంది చూడు, అది మామూలు రాడ్డే. అక్కడ పెట్టు. అదిమి, నిదానంగా. మెట్టుకి మెట్టు చేతికొచ్చేస్తుంది. పట్టాల మీదున్న పెద్ద దూలాన్ని మాత్రం క్రేను పట్టుకున్నాకే ముట్టుకో. పైనుంచి కోస్తే కోత మూసుకుపోయి బ్లేడుని పట్టేస్తుంది, అడుగు నుంచి పైకి రా."

తన వంతెనని ఎక్కడ పట్టి చంపాలో చెబుతున్నాడు ఆ మనిషి. చేతులు ఒళ్లో గుడ్డని మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్లీ మడతపెడుతున్నాయి. అది చూసి అల్లుడు ఏడ్చేశాడు. మీసాలొచ్చిన మగాడు, పిల్లనిచ్చిన మావ ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్తయ్య కూర్చున్న మెట్టు ఒకటి ఇంటికి తెచ్చిపెడతానన్నాడు. మావ తల అడ్డంగా ఊపాడు. అక్కడుంటేనే మెట్టు, ఇంటికొస్తే తుక్కు అన్నాడు.

పైనుంచి చెప్పుల చప్పుడు మొదలైంది. మావ ముందుకి వంగి, తడిమి, అల్లుడి మోకాలు పట్టుకున్నాడు.

"అమ్మాయితో అనకు. నాకు తెలుసని తెలిస్తే రంగు సంగతి చెప్పడం మానేస్తుంది. అది చెబుతున్నంతసేపూ నాకు వంతెన ఉన్నట్టే ఉంటుంది."

మెట్లు ఆయన చెప్పినట్టే వచ్చాయి. ఒక్క పన్ను రాలలేదు. అల్లుడు ఒక్కో మెట్టునీ క్రేనుకి కట్టించి మెల్లగా దింపించాడు, ముఠావాళ్లు ఇదేం చాదస్తమని నవ్వుకున్నా పట్టించుకోలేదు. చివర్న పెద్ద దూలం. క్రేను బరువందుకున్నాక అడుగు నుంచి కోసుకుంటూ పైకి వచ్చాడు. కోత చివరికంటా తెరుచుకునే ఉంది, బ్లేడుని ఎక్కడా పట్టుకోలేదు. దూలం లేచి పక్కకి జరిగింది. పట్టాల మీద ఏమీ లేదు. ముఠావాళ్లు చప్పట్లు కొట్టారు. అల్లుడు మిషను కింద పెట్టి, వాళ్లకి మొహం కనబడకుండా చాలాసేపు గ్లవుజులు విప్పుకున్నాడు.

సాయంత్రం మావ బ్లేడ్లు తుడిచాడు. వేలు ఒక్కోదాని మీదా ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా వెళ్లింది. పళ్లన్నీ ఉన్నాయి, సమంగా అరిగి ఉన్నాయి. అల్లుడు ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మావ వాటన్నిటినీ పనికొచ్చే డబ్బాలో వేసి మూత పెట్టాడు. మూత మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నాడు.

కూతురు వచ్చి పక్కన చతికిలబడింది. వంతెన లేదని మొగుడు చెప్పగా అప్పటికే విని, వంటింట్లో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. రంగు మొత్తం అయిపోయింది నాన్నా అంది. నీలం మీద తెల్లగీత కూడా లాగారనీ, ఎండపడితే మెరిసిపోతోందనీ, మూలల్లో ఎక్కడా తుప్పు మచ్చ లేదనీ చెప్పుకుంటూ పోయింది. చెబుతూ చెబుతూ ఒక్కసారి ఆగింది. పని అయిపోయిందంటే ఇక నాన్నని తీసుకెళ్లాలి. ఆ సంగతి అప్పుడు తట్టింది ఆవిడకి. మొగుడి మొహం చూసింది. అతను నేల చూశాడు.

"రేపు... లేకపోతే ఎల్లుండి, తీసుకెళ్తాను నాన్నా" అంది.

మావ గాలిలో చెయ్యి చాపి, ఆమె చేతిని వెతికి పట్టుకున్నాడు.

"తొందరేముంది తల్లీ" అన్నాడు. "ఆరనియ్యి."