ఆదాయం డబ్లిన్‌లో, ఖర్చు ఉప్పల్‌లో

ఇస్త్రీకి చొక్కాకు ఎనిమిది రూపాయలు ఉన్నది పది అయిందని శనివారం పొద్దున మా ఇంట్లో రగడ జరిగింది. తనకు ఒక్క మాట చెప్పకుండా పదికి ఒప్పుకున్నానని మా ఆయన దయాకర్ బాధ. వారానికి ఆరు చొక్కాలు, పన్నెండు రూపాయల తేడా. దాని మీద పావుగంట మాట్లాడి, టీ తాగి, అదే నోటితో ఇక మనకు పైసల ఫికర్ లేదని, నెలకు మూడు లక్షలని చెప్పారు.

నాచారంలో మందుల కంపెనీలో పదహారేళ్ళుగా పనిచేస్తున్న ఆయనకు డబ్లిన్‌లో ఉద్యోగం వచ్చింది. పన్నులు పోను నెలకు మూడు వేల యూరోలు. యూరో ఈ మధ్య వంద రూపాయల దగ్గరే తచ్చాడుతోంది కాబట్టి గుణకారం రానివాళ్ళకు కూడా ఇబ్బంది లేదు, పక్కన రెండు సున్నాలు పెట్టుకుంటే చాలు. ఆయన పెట్టుకున్నారు. వాచ్‌మన్ మొదలు సైనిక్‌పురిలోని మా ఆడబిడ్డ దాకా అందరికీ ఆ సున్నాలు చూపించారు. ఎల్లుండి కాక పై సోమవారం రాజీనామా ఇస్తానన్నారు. ఈ మాట చెవిన పడగానే ఇంటి ఓనరు టు-లెట్ బోర్డు దుమ్ము దులిపి పెట్టుకున్నాడు. మా అత్తమ్మ కౌసల్యమ్మ మూడు నెలలు చూసి వస్తానని, ఏప్రిల్ ఎండలో ఉప్పల్ అంతా వెతికించి ఉన్ని మంకీ క్యాప్ తెప్పించుకుంది. ఫ్యాను కింద కూర్చుని రోజుకోసారి పెట్టి చూసుకుంటోంది.

నాకు డబ్లిన్ మీద కోపం లేదు. కానీ నేను బి.కాం. చదివాను. మూడు లక్షల్లోంచి ఆయన తీసేస్తున్న ఖర్చులు విన్నాను: అద్దె పదహారు వేలు, పాలు, కూరగాయలు, పనిమనిషి, అన్నీ కలిపి యాభై వేలు. పోను రెండున్నర లక్షలు మిగులు. అంటే ఆదాయం డబ్లిన్‌లో, ఖర్చు ఉప్పల్‌లో. అలాంటి ఊరు నిజంగా ఉంటే ఆయనకంటే ముందే నేను బయల్దేరేదాన్ని.

రాజీనామా ఇచ్చాక లెక్క సరిచేస్తే లాభం లేదు. ఈ వయసులో ఆ పాత కుర్చీ ఆయన కోసం ఖాళీగా ఉండదు. అందుకని ఆ సాయంత్రమే విక్రమ్‌కు వీడియో కాల్ చేయించాను. విక్రమ్ ఇదే కంపెనీ నుంచి రెండేళ్ళ కింద డబ్లిన్ వెళ్ళాడు. ఇన్నాళ్ళూ పార్కులు, బాతుల ఫొటోలు పంపాడు. పాపం, అద్దె ఎంతని అతన్ని ఎవరూ అడగలేదు.

నేను అడిగాను. ఊరి చివర రెండు గదుల ఇంటికి రెండు వేల రెండు వందల యూరోలట. బియ్యం, బస్సు, కరెంటు అన్నీ అడిగి రాసుకున్నాను. ఆఖర్న కటింగ్ ఎంతని అడిగాను.

“ఇరవై రెండు యూరోలు వదినా. గందుకే మా ఇంటామెనే కత్తిరిస్తది,” అని తల పక్కకు తిప్పాడు. అప్పటిదాకా నెట్‌వర్క్ సరిగ్గా లేక జుట్టు అలా మెట్లుమెట్లుగా కనిపిస్తోందనుకున్నాను.

ఆయన పద్ధతిలోనే గుణించి కాగితం ముందు పెట్టాను. అద్దె పోను మిగిలేది ఎనిమిది వందల యూరోలు, అంటే ఎనభై వేలు. ఇక్కడ ఆయన జీతం ఎనభై రెండు వేలు, అద్దె పోతే అరవై ఆరు వేలు.

“పద్నాలుగు వేలు ఎక్కువే గదా,” అన్నారు.

ఆ ఎనభై వేలతో కటింగ్‌కు రెండు వేల రెండు వందలు పెట్టాలన్నాను. ఇక్కడ చిలకానగర్ సెలూన్‌లో నూట యాభైకి కటింగ్, తల మాలీషు, మెడ టక్కుమనిపించడం, మూడూ అవుతాయి.

“చిన్న చిన్న పనులు మనమే జేసుకుంటే అయిపాయె. గంత లెక్క ఎందుకు?”

చిన్న పనులంటే ఏమిటో ఆయనకు తెలియదు. మా పెళ్ళయినప్పటి నుంచి అవి వాటంతట అవే జరిగిపోతున్నాయి. అయితే ఈ వారం ఇక్కడే చేసి చూద్దామన్నాను. సరేనన్నారు. ఒప్పుకోవడంలో ఆయన ఎప్పుడూ ధైర్యవంతులే.

పనిమనిషి లక్ష్మీనర్సమ్మకు జీతం కోయకుండా వారం సెలవిచ్చాను. ఇస్త్రీ అతన్ని రావద్దన్నాను. ఇద్దరి పనీ ఆయనే తీసుకున్నారు. సోమవారం ఒక కాలరు కాలింది. మంగళవారం గిన్నెలు తోముతూ, ఈ ఇంట్లో ఇన్ని గిన్నెలు ఎవరు కొన్నారని విచారణ జరిపారు. గురువారానికి ఇస్త్రీ లేని చొక్కాతో ఆఫీసుకు వెళ్ళి, ఇది కొత్త ఫ్యాషనని చెప్పి వచ్చారు. రూపాయి విలువ మీద మాత్రం ఆ వారం ఉపన్యాసం లేదు.

ఆదివారం కటింగ్ రోజు. నలభై మూడేళ్ళ వయసులో ఆయనకు మిగిలిన ఏకైక విలాసం ముందు భాగంలో లేచి నిలబడే ఆ జుట్టు. సెలూన్‌కు చెప్పులేసుకుంటుంటే ఇరవై రెండు యూరోలు గుర్తుచేశాను. చెప్పులు విడిచి వచ్చి బాల్కనీలో స్టూలు మీద కూర్చున్నారు. నేను బట్టలు కత్తిరించే మంచి కత్తెరే తీశాను, ఒళ్ళు దగ్గర పెట్టుకునే కత్తిరించాను. ఎడమవైపు కాస్త ఎక్కువ పోయింది. దానికి సరిపెడదామని కుడివైపు తీశాను. అప్పుడు ఎడమవైపు ఎక్కువ ఉన్నట్టు కనిపించింది. ముందు భాగం జోలికి వెళ్ళకూడదనే అనుకున్నాను.

ఆయన అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు.

మధ్యాహ్నం బగారా అన్నం, కోడికూర వడ్డించాను. రెండు ముద్దలు తిన్నాక గొంతు సవరించుకున్నారు.

“నేనొక నిర్ణయం తీసుకున్న. డబ్లిన్ పోతలేం. గా చలి అమ్మకు పడదు.”

అత్తమ్మ చేతిలో ముక్క చేతిలోనే ఆగింది. “నాకెప్పుడు చలి వెట్టిందిరా?” అంది. తర్వాత కొడుకు తలను ఎడమ నుంచి కుడికి ఒకసారి చూసింది. ఎడంచేత్తో పక్కనున్న బీరువా తెరిచి, మంకీ క్యాప్ తీసి ఆయన కంచం పక్కన పెట్టింది.

“రేపు ఆఫీసుకు పెట్టుకొని పో, బిడ్డా.”