ఖాళీ బెంచీతో కబుర్లు

"ఆ సైన్సు పాఠం గొంతు చించుకుని చదివే బదులు మా అమ్మకి కాస్త కాళ్ళు పట్టొచ్చుగా" అన్నాడు భర్త, చెప్పులేసుకుంటూ. ఆమె కూతురి కోసం ఫోన్లో చేస్తున్న రికార్డింగు ఆపింది. అతను గడప దాటాక అదే పేజీ మళ్ళీ మొదటినుంచి చదివింది.

కూతురికి పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి. అందరితోపాటు మామూలు బడిలోనే చదవాలని పంతం పట్టింది ఆమే, అందుకోసం టైపిస్టు ఉద్యోగం మానుకున్నదీ ఆమే. "నీ పంతం, నువ్వే మొయ్యి" అన్నాడతను. పదేళ్ళుగా మోస్తూనే ఉంది. ఇంటికెవరొచ్చినా అత్తగారు మంచినీళ్ళతో పాటు ఒక మాట కూడా అందిస్తుంది: "మా వైపు ఇలాంటివి లేవమ్మా."

ఆ మధ్యాహ్నం కూతురు మర్చిపోయిన బ్రెయిలీ పలక ఇవ్వడానికి బడికెళ్ళింది. తరగతి గుమ్మంలో కాళ్ళు ఆగిపోయాయి. కూతురు చేతులు తిప్పుతూ రోజూ పక్కన కూర్చునే స్నేహితురాలికి ఏదో కథ చెబుతోంది. పక్కన ఎవరూ లేరు. ఆ స్నేహితురాలు కిటికీ దగ్గర మరో ముగ్గురితో నిలబడి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక ఊగిపోతోంది. ఒకమ్మాయి వాచీ చూస్తోంది, ఎంతసేపు మాట్లాడుతుందోనని. పుట్టినరోజుకి ఇంటికొచ్చి, "మీరు బెంగపడకండి ఆంటీ, నేనున్నాగా" అన్నది ఈ పిల్లే.

కూతుర్ని వరండాలోకి తీసుకొచ్చింది. ఎలా చెప్పాలో తెలియలేదు.

"అమ్మలూ, ఆ పిల్ల నీ పక్కన..."

"లేదు. తెలుసమ్మా. లేస్తే బెంచీ కదులుతుందిగా."

"మరి ఎవరితో మాట్లాడుతున్నావే?"

"ఆపితే వాళ్ళ నవ్వు వినపడుతుంది."

"ఎవరు నేర్పారే నీకిది?"

"నువ్వే. నాన్న తిడుతుంటే గిన్నెలు గట్టిగా తోముతావుగా."

పిల్లకి వినపడకూడదనే తోమేది ఇన్నేళ్ళూ. తనకి వినపడకుండా ఉండటానికి కూడా.

సాయంత్రం సంగతి విని భర్త విసుక్కున్నాడు. "పిల్లలన్నాక ఆటపట్టిస్తారు. సర్దుకుపోవడం నేర్పు. బడికెళ్ళి నా పరువు తీశావంటే చూడు! అసలు నీకు బుద్ధనేది..."

గిన్నెలు తోముతున్న ఆమె కుళాయి కట్టేసింది. తడిచేతులు తుడుచుకుని, కూతురి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"చెప్పండి. ఇద్దరం వింటున్నాం."

అత్తగారు తల తిప్పుకుంది.

"రేపు ఇద్దరం కలిసే వెళ్దాం. ఆ నలుగురినీ ఎదురుగా కూర్చోబెట్టి ఎందుకని అడుగుదాం" అంది కూతురితో.

"వాళ్ళు మళ్ళీ నవ్వితే?" అంది కూతురు. చెయ్యి వెనక్కి మాత్రం తీసుకోలేదు.