దిండి పడవలకు మూడు చిరునామాలు

అమలాపురంలో సైకిల్ షాపు మేడమీద విజయదుర్గ, వెంకటసాయి కలిసి సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టి రెండేళ్లయింది. 2009లో దిండి హౌస్‌బోట్ల యజమాని మంగరాజు వాళ్లకో పని అప్పజెప్పాడు. ట్రావెల్స్ ఆఫీసుల కంప్యూటర్లు తన కంప్యూటర్‌నే నేరుగా అడిగి పడవలు బుక్ చేసుకోవాలి. అలా ఒక కంప్యూటర్ మరోదాన్ని అడిగే ఏర్పాటునే ఏపీఐ అంటారు.

"ఏపీఐలకి పుస్తకాల్లో చెప్పే అసలు సిసలు రెస్ట్ పద్ధతిలో కడదామండీ," అన్నాడు వెంకటసాయి. "ఒక్క వెబ్ చిరునామా ఇస్తే చాలు, మిగతావి లింకులు పట్టుకుని వాళ్లే వెతుక్కుంటారు."

వినడానికి గొప్పగానే ఉంది. కానీ ఆ పద్ధతిలో ప్రతిదాన్నీ ఒక వస్తువులా చూపాలి; బుకింగ్ రద్దు అనేది ఒక పనా, ఒక వస్తువా అన్న దగ్గరే మూడు వారాలు వాదనలో గడిచిపోయాయి. బోర్డు నిండా బాణం గుర్తులే. ఇంతలో పడవలకు గిరాకీ పెరిగే కార్తీకమాసం దగ్గరపడింది.

ఆ ఉదయం రాజమండ్రి ట్రావెల్స్‌లో ప్రోగ్రాములు రాసే సూర్యావతి విజయదుర్గకు ఫోన్ చేసింది.

"మీరు పంపిన కాగితాలు రెండుసార్లు చదివేనండీ. ఏ లింకు ఎక్కడికెళ్తుందో ఒక్కటీ బోధపడలేదు. ఫలానా రోజున ఏ పడవ ఖాళీ, బుక్ చెయ్యడం, రద్దు చెయ్యడం. ఈ మూడూ ఉంటే చాలండీ."

"అంతేనా అండీ?"

"ఆయ్, అంతేనండీ."

విజయదుర్గకు సిగ్గేసింది. వాడుకునేవాళ్లను ఇన్నాళ్లూ ఒక్కమాటైనా అడగలేదు. లేచి బోర్డు తుడిచి, ఒక్కో పనికి ఒకటి చొప్పున మూడు చిరునామాలు రాసింది.

వెంకటసాయి మొహం చిన్నబోయింది. "ఇది రెస్ట్ కాదండీ. తెలిసినవాళ్లు చూస్తే నవ్వుతారు."

"నవ్వనివ్వండి. రెస్ట్ అంటే ఏవిటో మూడు పుస్తకాలు మూడు రకాలుగా చెబుతున్నాయి. సూర్యావతిగారికి ఏం కావాలో మాత్రం స్పష్టంగా చెప్పేరు కదండీ."

అతను బోర్డు మీది మూడు వరసలూ మళ్లీ చదివాడు. తరవాత కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"ఒకే రద్దు పొరపాటున రెండుసార్లు వస్తేనో?"

"రెండోసారి 'ఇదివరకే రద్దయింది' అని జవాబిద్దాం."

మర్నాటి మధ్యాహ్నానికి పని పూర్తయింది. ఒక్క పేజీలో ఉదాహరణలన్నీ వెంకటసాయే రాసి సూర్యావతికి పంపాడు. సాయంత్రం నాలుగింటికి తెర మీద రాజమండ్రి నుంచి మొదటి బుకింగ్ ప్రత్యక్షమైంది: ఎనిమిది మంది, ఆదివారం, పెద్ద పడవ. ఇద్దరూ ఒక్కసారిగా కేకేశారు. కింద సైకిల్ షాపాయన కంగారుగా మెట్లెక్కి వచ్చాడు.

"ఎవరూ ఫోను చెయ్యకుండానే బుక్కయిపోయిందా అండీ!" సంగతి విన్న మంగరాజు సంబరం ఆగలేదు. సూర్యావతితో సహా ముగ్గురినీ చిన్న పడవ మీద భోజనానికి రమ్మన్నాడు.

దిండి రేవులో సూర్యావతిని వాళ్లు చూడడం అదే మొదలు. పులస సీజన్ అయిపోయిందని మంగరాజు నొచ్చుకుంటూనే చందువా చేపల వేపుడు కొసరి కొసరి వడ్డించాడు.

"పడవలో భోజనం కూడా ఇలాగే ముందే చెప్పుకోవచ్చాండీ?" అడిగింది సూర్యావతి.

వెంకటసాయి వేళ్లు నాక్కుంటూనే, నాలుగో చిరునామా రాయడానికి జేబులోంచి పెన్ను తీశాడు.