నిశ్చితార్థం నాటి చక్కెర

మాంసం పేరెత్తితేనే చెవులు మూసుకునే ఇల్లు వాళ్ళది. తాతముత్తాతల నుంచి గుళ్ళో పూజలు చేసిన వంశం. అలాంటి ఇంటి పిల్లకు మాంసం పడని జబ్బంటే నవ్వరూ మరి?

"తిననిది పడకపోతే నష్టమేముండాదమ్మా?" అని చుట్టాలు వేళాకోళమాడారు. వరమహాలక్ష్మి కూడా మొదట్లో అలాగే అనుకుంది. మండికల్లులో స్నేహితురాలి పశువుల కొట్టంలో కూతురు అనఘను పిడుదు పురుగు కరిచింది. దాంతో వచ్చిందట ఈ మాయదారి జబ్బు. మాంసమే కాదు, పశువుల నుంచి వచ్చేదేదీ పడదని పాలూ నెయ్యీ మానిపించారు. ఇక గండం గడిచిందనుకుంటుండగా, ఓ రోజు పెదాలకు రంగు వేసుకున్న పిల్ల మొహం వాచిపోయి ఊపిరాడక గిలగిల్లాడింది. క్రీముల్లో, సబ్బుల్లో, రంగుల్లో జంతువుల కొవ్వు ఉండొచ్చు, చూసుకోండి అన్నాడు డాక్టరు.

చూసుకోండి! చెప్పడానికేం! డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలు. గ్లిజరిన్ అని రాస్తాడే గానీ, అది కొబ్బరిదో కొవ్వుదో రాయడు మహానుభావుడు. చిక్కబళ్ళాపురంలో ఫ్యాన్సీ అంగడి దేవరాజ్‌ని నిలదీసింది వరమహాలక్ష్మి.

"పచ్చ చుక్క ఉండాది కదమ్మా, ఇంకేం కావల్ల?"

"ఈ గ్లిజరిన్ యాడనుంచి తీసిందో కంపెనీకి ఫోన్ చేసి అడుగప్పా."

పాపం, చేశాడు. అవతలామె కన్నడలో ఎంతో మర్యాదగా తనకు తెలియదంది.

నిశ్చితార్థం రానే వచ్చింది. చింతామణి నుంచి పెళ్ళికొడుకు ఆత్రేయ వాళ్ళు దిగారు. ఆ పూట పిల్ల నవ్వుతూ పీట మీద కూర్చుంటే అదే పదివేలనుకుంది తల్లి. కూతురికి పౌడరు లేదు, కాటుక లేదు. పసుపు కూడా ఇంట్లోనే దంచింది. ముత్తైదువలు బుగ్గలు పుణికి, నోట్లో చక్కెర పెట్టబోతే అడ్డం పడింది.

"మీకు దండం పెడతా, దాన్ని తాకొద్దండమ్మా. చక్కెర నేనే పెడతా."

వాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. మాడ్చుకోనీ! తన వేళ్ళతోనే చిటికెడు చక్కెర కూతురి నోట్లో వేసి, చల్లగా ఉండమని దీవించింది.

భోజనాల వేళకు అనఘ పెదవులు ఉబ్బాయి. గొంతు బొంగురుపోయింది. ఆసుపత్రికి పోతుండగా కారులో తల్లి చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"అమ్మా... చేతులకేం పూసుకుంటివి?"

వరమహాలక్ష్మి తన చేతుల వంక చూసుకుంది. వంటపనికి పగిలిన చేతులు పదిమందిలో బాగుండవని పొద్దున క్రీము రాసుకుంది. పిల్ల వస్తువులన్నీ గాలించింది గానీ, తన చేతుల సంగతే తోచలేదు. దాని మీదా పచ్చ చుక్కే. దానివల్లనేనా? ఆసుపత్రిలో డాక్టరు కూడా చెప్పలేనన్నాడు.

సూది మందుతో పిల్ల తేరుకుంది. వరమహాలక్ష్మి బయట కుళాయి దగ్గర చేతులు తోముకుని, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అనఘ దిండు మీదే కాస్త వెనక్కి జరిగింది.

"చేతులు కడుక్కుంటివా అమ్మా?"

"తోలు ఊడేట్ల కడిగినా తల్లీ."

"దేంతో?"

కుళాయి గట్టు మీదున్న సబ్బుతో. అది దేంతో చేసిన సబ్బో ఆమెకేం తెలుసు? వరమహాలక్ష్మి గ్లాసు బల్ల మీద పెట్టేసి, కన్నకూతురి మంచానికి దూరంగా జరిగి నిలబడింది.