ఎవరి సొంతమో రాయని కథ

నేను ఒక మొగుడు వాడి వదిలేసిన ఫోన్ని. నా అద్దం బిగించిన అమ్మాయి ఎవరో, ఏ దేశందో నాకు తెలియదు. అట్టపెట్టె తెరిచి నన్ను వెలుగులోకి తెచ్చింది మాత్రం కాకినాడ కరెంటాఫీసులో పనిచేసే వేమవరపు ఉమాకాంత్. రెండేళ్ళు నన్ను గుండెల మీద పెట్టుకుని, అంటే చొక్కా జేబులో వేసుకుని, తిరిగాడు. కొత్త ఫోను కొనుక్కోగానే నన్ను భార్య హైమవతి చేతిలో పెట్టి, "చూడు, గీతైనా పడలేదు. నీ పనికిది చాల్లే" అన్నాడు. మా జాతిలో వారసత్వం ఇలాగే నడుస్తుంది. నాలో ఉన్న ఆయన మెయిల్ ఖాతాను తీసేద్దామని ఎవరికీ తోచలేదు.

ఆమె పనేమిటో ఆయనకు తెలియదు. కూర మగ్గేలోపు ఆమె నా మీద కథ రాసేది. అంతవరకూ క్రికెట్ స్కోర్లూ, శుభోదయం గులాబీలూ మోసిన నా తెరకు పసుపూ ఇంగువా అంటడం మొదలైంది. కథ పేరు 'ఎసరు'. రోజూ ఎసరు పెట్టినప్పుడల్లా మొగుడితో ఒక మాట చెప్పాలనుకుని, నీళ్ళు మరిగేసరికి మానుకునే ఆడమనిషి కథ. నాకు సాహిత్యం తెలియదు. అది రాస్తుండగా రెండుసార్లు వంకాయ కూర మాడిపోయింది. అంతకన్నా పెద్ద ప్రశంస నాకు చేతకాదు.

వెబ్ పత్రికల వాళ్ళకు కథతోపాటు ఒక హామీ కావాలి. "ఇది నా సొంత రచన. అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, ఇంకెక్కడికీ పంపలేదు" అని శ్రద్ధగా రాసి, నాలో ఉన్న ఆ ఖాతాలోంచే పంపింది. సొంతమని రాసింది గానీ, ఎవరి సొంతమో రాయడం మరిచిపోయింది. గ్యాస్ బుక్కు మీదా, ఇంటిపన్ను రసీదు మీదా, వచ్చే ప్రతి శుభలేఖ మీదా ఆయన పేరే ఉండే ఇంట్లో అదేమంత వింత మరుపు కాదు.

నెలలు గడిచాయి. రోజూ పత్రిక తెరిచేది, మూసేది. చివరికి ఒక ఆదివారం కథ వచ్చింది. మంచి బొమ్మ కూడా వేశారు. బొమ్మ కింద పేరు: వేమవరపు ఉమాకాంత్.

ఆమె నా వెలుగు తగ్గించి చూసింది, పెంచి చూసింది. ఆ పేరే ఉంది.

వెంటనే సంపాదకుడికి రాసింది: ఈ కథ నాది, పేరు హైమవతి అని సరిచేయగలరు. ఆయన మర్యాదస్తుడు. 'క్షమించండి, ఇప్పుడే మారుస్తాం' అని జవాబిచ్చాడు. కానీ ఆ ఖాతా కొత్త ఫోన్లోనూ ఉందిగా. ఆమె పిండి రుబ్బి వచ్చేలోపు ఉమాకాంత్ తిరుగు జవాబు పంపేశాడు: 'అక్కర్లేదండీ. మా ఆవిడ సరదాకి రాసిన మెయిల్ అది.'

"ఏవండీ, ఆ కథ నేను రాసింది."

"నాకు తెలీదేంటే? పొద్దున్నే మా ఆఫీసరుగారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. ఇప్పుడు కాదంటే మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నాది పెట్టుకున్న చోటే పెట్టుకోండి. వంటింట్లో చోటుంది."

"ఊరుకోవే. మనిద్దరం వేరేంటి? ఇంటిపేరు ఒకటేగా. ఇంకోటి రాసుకో. నీకేం, కూర్చుంటే వచ్చేస్తాయి."

"నేను కూర్చోగా ఎప్పుడు చూశారు?"

ఆయన అప్పటికే పత్రికలో వ్యాఖ్యలు చదువుకుంటున్నాడు. 'మగవాడై ఉండి స్త్రీ మనసును ఇంత లోతుగా పట్టుకున్నారు.' 'మీ శ్రీమతి అదృష్టవంతురాలు సార్.' ఒక్కొక్కరికీ నమస్కారం బొమ్మ పెడుతూ, లోపలికి వినపడేలా రెండో కాఫీ అడిగాడు. ఆమె ఇచ్చింది. చక్కెర వేయలేదు. ఆయన గమనించలేదు.

మధ్యాహ్నం అంట్లు తోమి, చెయ్యి తుడుచుకుని, ఆమె వ్యాఖ్యల గడి తెరిచింది. 'మీ పేరు' అన్న చోట అలవాటు కొద్దీ నేను ఉమాకాంత్ అని అందించాను. ఆమె దాన్ని చెరిపేసి, ఒక్కో అక్షరమే నొక్కింది: హైమవతి. ఇంటిపేరు పెట్టలేదు. కింద ఇలా రాసింది: 'చివర్లోనైనా ఆవిడ చేత ఆ మాట చెప్పించి ఉండాల్సింది. రచయితకు ధైర్యం చాల్లేదు.'

ఆ పేజీ మొత్తంలో ఆమె పేరు కనిపించే చోటు అదొక్కటే.

సాయంత్రానికల్లా ఎవరో పాఠకుడు సమాధానమిచ్చాడు: 'హైమవతిగారూ, విమర్శించడం తేలికేనమ్మా. మీరూ ఓ కథ రాసి చూడండి, కష్టం తెలుస్తుంది.'

దాని కింద రచయితగారి జవాబు ఉంది: 'సరిగ్గా చెప్పారు సార్. ధన్యవాదాలు.'