బాగున్నానన్న మాట

స్తెఫను పడిపోయినప్పుడు మిషను ఆగలేదు.

కనకలత తను పనిచేసే ల్యాబు అద్దంలోంచి అంతా చూసింది. స్పిన్నింగు హాల్లో వేడినీటి తొట్ల మధ్య మనిషి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పక్కనున్న ఇనుప కడ్డీ పట్టుకోబోయాడు, పట్టు దొరకలేదు, వెల్లకిలా పడ్డాడు. ఇద్దరు వచ్చి చంకల కింద చేతులు వేసి గోడ దాకా ఈడ్చుకెళ్ళారు. అంబులెన్సు రాకముందే సూపర్వైజరు ఇంకో మనిషిని తెచ్చి అదే తొట్టి దగ్గర నిలబెట్టాడు. దారం తెగకూడదు మరి. తెగితే మళ్ళీ ఎక్కించడానికి సగం పూట పోతుంది. మనిషి పోతే, కూలికి మనుషుల్ని పంపే ఏజెన్సీకి ఒక్క ఫోను చాలు.

క్రిస్మస్‌కి తలుపులు బార్లా తెరిచి, కరోనా మూడో అలను ఐర్లండు తన నెత్తిన తనే పోసుకున్న జనవరి అది. ఊళ్ళన్నీ మూతపడ్డాయి. నేవన్ అనే ఊరి బయట ఉన్న ఈ జర్మన్ కంపెనీ మాత్రం మూడు షిఫ్టులూ నడుస్తోంది. అక్కడ తయారయ్యేది కిడ్నీ రోగుల రక్తాన్ని వడగట్టే సన్నటి గొట్టపు దారం. ఆసుపత్రులు ఇంకా ఇంకా కావాలంటున్నాయి. అత్యవసర సరుకు కాబట్టి దాన్ని తీసేవాళ్ళు అత్యవసర మనుషులన్నారు. ఆ మనుషులకు జ్వరం వస్తే ఏమిటన్నది మాత్రం ఎవరూ అనలేదు.

కంపెనీ వయసు నూరేళ్ళు దాటింది. మొదట్లో వాళ్ళు తీసింది కృత్రిమ పట్టు. చెట్టు గుజ్జును ఘాటు రసాయనాల్లో కరిగించి, సూదిమొన రంధ్రాల్లోంచి పిండి, పట్టులా మెరిసే దారం లాగే విద్య అది. కనకలత వాళ్ళమ్మ కరీంనగర్‌లో ఒక ఆర్ట్ సిల్కు చీర కొనుక్కుని, ఆర్టు అంటే కళ అనుకుని, పెళ్ళిళ్ళకు తప్ప కట్టేది కాదు. ఆర్టు అంటే ఆర్టిఫిషియల్‌కి పొట్టి పేరని కెమిస్ట్రీ చదివిన కూతురికి తెలిసింది కానీ తల్లికి చెప్పబుద్ధి కాలేదు. పేరులోనే అబద్ధాన్ని కడుపులో దాచుకున్న సరుకు అది. క్యాంటీనుకు వెళ్ళే దారి పొడవునా గోడ మీద కంపెనీ చరిత్ర ఫొటోలుగా వేలాడుతుంది. రైను నది ఒడ్డున మొదటి షెడ్డు, తెల్ల ఏప్రన్లతో కండెలు చుట్టే ఆడపిల్లలు, బెర్లిన్‌లో పట్టు మేజోళ్ళ దుకాణం. యుద్ధకాలం రావలసిన చోట ఫొటో లేదు. అక్కడ శానిటైజరు సీసా తగిలించారు.

స్తెఫనుది బాపట్ల. మాస్టర్స్ చదవడానికి వచ్చి, చదువు పూర్తయ్యేసరికి ఏజెన్సీ చేతిలో పడ్డాడు. మంచివాడు, అమాయకుడు, వాగుడుకాయ. చేరిన కొత్తలో గేటు దగ్గర సెక్యూరిటీ అతను "హౌ ఆర్ యూ" అని అడిగితే నిజంగానే అడిగాడనుకుని ఆగి జవాబు చెప్పేవాడు. రాత్రి నిద్ర పట్టలేదనేవాడు, మడమ నొప్పి అనేవాడు, ఇంటి దగ్గర పాపకు జలుబు అనేవాడు. వెనక క్యూ ఆగిపోయేది. మన తెలుగువాళ్ళు ఎవరైనా వచ్చిన కొత్తలో చేసే పొరపాటే అది, కానీ స్తెఫను దాన్ని అందరికంటే భారీగా చేశాడు. క్యాంటీను క్యాంటీనంతా కలిసి అతనికి పాఠం చెప్పింది. ఈ దేశంలో ఎవరడిగినా, ఎలా ఉన్నా, "గ్రాండ్" అనాలి, అంటే బాగున్నానని. ఐరిష్ వాళ్ళు కాలు విరిగినా గ్రాండే అంటారు. స్తెఫను ఆ మాటను ఎంత బాగా నేర్చుకున్నాడంటే, ఇంటికి ఫోను చేసినప్పుడు భార్య భానుమతితో కూడా గ్రాండ్ అనేవాడు.

కరోనా వచ్చాక ఆ పలకరింపే ఆరోగ్య పరీక్ష అయింది. సెక్యూరిటీ అతను అడుగుతాడు, వచ్చినవాడు గ్రాండ్ అంటాడు, అతను చేతిలో కంప్యూటరు పలక మీద పచ్చ బొత్తాం నొక్కుతాడు. జ్వరంతో అందరి కళ్ళ ముందే వణుకుతూ వచ్చిన ఆ చివరి రోజు కూడా స్తెఫను గ్రాండే అన్నాడు. అనకపోతే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో కూర్చున్న ఏజెన్సీ మనిషికి సెలవు అన్నదే లేదు, మళ్ళీ పిలుపూ రాదు.

వారం తిరక్కముందే ఆసుపత్రిలో చనిపోయాడు. ఆఖరి చూపు ఒక నర్సు పట్టుకున్న ఫోనులో జరిగింది. శవాన్ని బాపట్ల పంపే దారి లేదన్నారు.

మర్నాడు హెచ్ఆర్ మేనేజరు కనకలతను పిలిచింది. ముఖం నిండా సానుభూతి. స్తెఫను మన కుటుంబ సభ్యుడు అంది. ఆ తర్వాత కంపెనీ ప్రకటన చదివి వినిపించింది. మృతుడు ప్రతిరోజూ తన ఆరోగ్యం బాగుందని స్వయంగా చెప్పాడు, కాబట్టి జబ్బు పని దగ్గర అంటుకున్నట్టు ఆధారం లేదు. ఇది అతని భార్యకు వాళ్ళ భాషలో మెల్లగా చెప్పాలట. ఇంకో మాట. స్తెఫనుతో ఒకే ఇంట్లో ఉండే కుర్రాళ్ళు షిఫ్టుకు రావడం మానేశారు, వాళ్ళను రప్పించాలి, ఆసుపత్రులు ఎదురు చూస్తున్నాయి. నువ్వు చెబితే వింటారు అంది. లేచి వస్తుంటే, నీ వర్క్ పర్మిటు పొడిగింపు కాగితాలు కూడా మా దగ్గరే ఉన్నాయి, కంగారు పడకు అని నవ్వింది. కంగారు పడమని చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు.

ఇంటికొచ్చి కనకలత జాన్ బాబుకు ఫోను చేసింది. స్తెఫనూ అతనూ ఒకే గదిలో పడుకునేవారు. అటువైపు దగ్గు వినిపించింది, చాలాసేపు ఆగలేదు.

"వస్తాలే అక్కా. రాకపోతే ఇక పిలవరు కదా. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది, టాబ్లెట్ ఏసుకుంటా. గేటు కాడ గ్రాండ్ అంటే చాలుగా."

రమ్మని చెప్పడానికే చేసిన ఫోను అది. కనకలత నోట వేరే మాట వచ్చింది.

"రాకు తమ్మీ. నేను రమ్మంట లేను. ఎవరు రమ్మన్నా రాకు."

చెప్పడమైతే చెప్పింది. కానీ అతను రాకుండా ఎలా బతుకుతాడో తనకీ తెలియదు. భర్త అనంతరామ్ పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు నుంచి లేచొచ్చి, మనకెందుకు ఈ గొడవ, పర్మిటు పోతే ఇల్లు పోతుంది, పిల్ల చదువు పోతుంది అన్నాడు. అతను భయపడి అన్నాడే కానీ చెడ్డవాడై అనలేదు. గుమ్మంలో నిలబడ్డ పదేళ్ళ తన్వి మాత్రం అమ్మనే చూస్తూ, "మామ్, డిడ్ ఎవ్రీవన్ నో హీ వాజ్ సిక్?" అంది.

ఆ సాయంత్రం యూనియన్ మీటింగు జూమ్‌లో జరిగింది. నోరీన్ పిలిచింది. ఇరవై ఏళ్ళుగా ప్యాకింగులో పనిచేస్తున్న ఐరిష్ మనిషి, గొంతు పెద్దది, మనసూ పెద్దదే. అప్పటిదాకా పర్మనెంటు వాళ్ళ మీటింగుకు ఏజెన్సీ వాళ్ళను పిలిచిన పాపాన పోలేదు. ఈసారి పిలిచింది. తెర నిండా చిన్న చిన్న గడుల్లో ముఖాలు, వంటింట్లో కొందరు, కారులో కొందరు.

మొదలవుతూనే తగువు. పర్మనెంటు ఫిట్టరు ఒకడు, ఒక్కో ఇంట్లో ఎనిమిది మంది కుక్కుకుని బతికే ఈ ఏజెన్సీ వాళ్ళే జబ్బు మోసుకొస్తున్నారన్నాడు. విడి ఇళ్ళల్లో ఉండే జీతమా మాకిచ్చేది అని ఒక బ్రెజిల్ మనిషి తిరగబడ్డాడు. నీకు ఒంట్లో బాగాలేకపోతే జీతంతో సెలవుంది, నాకుందా అని ఇంకొకతె అడిగింది. ఇంతలో మాస్కు కూడా తీయని ఒక ముసలి కార్మికుడు, మా తమ్ముడు వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి వెళతాడు, మనం దారం ఆపితే వాడి గతేమిటి అన్నాడు. అది ఎవరూ కొట్టిపారేసే మాట కాదు. చాలాసేపు వాదించి, పరీక్షలో జబ్బు లేదని తేలిన కొద్దిమంది దూరం దూరంగా నిలబడి ఒక్క లైను నడపాలని, మిగిలిన హాలంతా మూసి అందరికీ పరీక్షలు చేయించాలని, ఏజెన్సీ వాళ్ళతో సహా ప్రతి ఒక్కరికీ జబ్బు సెలవు ఇచ్చేదాకా మిగిలినవాళ్ళెవరూ లోపలికి అడుగుపెట్టకూడదని అనుకున్నారు. అనుకోవడం వరకూ బాగానే ఉంది. కంపెనీ చేతిలో స్తెఫను మాట ఉంది కదా, అతనే బాగున్నానన్నాడు కదా, దానికేం చెబుతాం అని ఎవరో అడిగారు.

అప్పుడు ఉర్సులా మాట్లాడింది. జర్మనీలోని పాత ఫ్యాక్టరీ కార్మికుల తరఫున నోరీన్ పిలుపు మీద వచ్చిన మనిషి ఆమె. ఇంగ్లీషు ఆచి తూచి మాట్లాడింది. మీ గోడ మీద లేని ఫొటో గురించి చెబుతాను అంది. యుద్ధం రోజుల్లో ఆ షెడ్లలో పారాషూట్లకూ టైర్లకూ దారం తీసింది తూర్పు దేశాల నుంచి రైళ్ళలో పట్టి తెచ్చిన ఆడవాళ్ళు. అందులో తన అమ్మమ్మ ఒకతె, ఉక్రెయిన్ పల్లెటూరి పిల్ల. తొట్ల మీది ఆవిరికి కళ్ళు మండి, వాచి, చూపు పోయేది. కాళ్ళలో సత్తువ పోయేది. రోజూ పొద్దున మేస్త్రీ వరసగా నిలబెట్టి "గెజుండ్?" అని అడిగేవాడు, ఆరోగ్యమేనా అని. వాళ్ళకు వచ్చిన జర్మన్ అంతా ఆ ఒక్క మాటే. అందరూ గెజుండ్ అనేవారు. కాదన్నవాళ్ళను బండెక్కించేవారు, వాళ్ళు తిరిగొచ్చేవారు కాదు. కంపెనీ కాగితాల్లో ఇప్పటికీ ఆ ఆడవాళ్ళంతా ఆరోగ్యవంతులే.

"ఒక పొద్దున ఒక వరస మొత్తం నోరు విప్పలేదట," అంది ఉర్సులా. "అమ్మమ్మ పక్క వరసలో ఉంది. తను మాత్రం గెజుండ్ అంది. బతికింది కాబట్టే నేనున్నాను. కానీ ఆ మాట అన్నందుకు చచ్చేదాకా ఏడ్చింది."

నోరీన్ కళ్ళు తుడుచుకుంటూ, పుట్టినప్పటి నుంచీ నేనూ గ్రాండ్ అనే అంటున్నాను, మా ఆయన పోయిన రోజు కూడా అన్నాను అంది. స్తెఫనుకు ఆ మాట నేర్పింది మనమే, తిరిగి తీసుకోవలసింది కూడా మనమే అని కనకలతకు అనిపించింది, అనిపించింది అనిపించినట్టే చెప్పింది. రేపు గేటు దగ్గర ఎవరూ ఆ మాట అనకూడదని తీర్మానమైంది. ఇక్కడ ఎవరినీ బండెక్కించరు కదా అని ఫిట్టరు అన్నాడు. పర్మిటు మీద బతికేవాళ్ళను విమానమెక్కిస్తారు అంది కనకలత. అతను తల దించుకుని, అయితే ముందు మేం నిలబడతాం అన్నాడు.

మర్నాడే స్తెఫను అంత్యక్రియలు. దహనశాలలోకి పదిమందికే అనుమతి. కానీ ఈ దేశంలో ఆ రోజుల్లో ఒక ఆనవాయితీ పుట్టింది. చర్చిలోకి వెళ్ళలేనివాళ్ళు దారి పొడవునా దూరం దూరంగా నిలబడి శవపేటికను సాగనంపేవారు. పేటికను మోసే కారును ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి తీసుకెళ్ళమని నోరీన్ అడిగింది, సరేనన్నారు.

పొద్దున మంచు గడ్డకట్టి ఉంది. సెక్యూరిటీ అతను ఎప్పటిలాగే అడిగాడు. మొదట నిలబడ్డ ఫిట్టరు, బాగాలేను, మా ఆవిడకు దగ్గు, నాకు భయంగా ఉంది అన్నాడు. వెనక నోరీన్ గొంతు నొప్పి అంది. బ్రెజిల్ మనిషి నిద్ర లేదన్నాడు. ఒక్కొక్కరూ నిజం చెప్పారు. ఎంత నిజం పేరుకుపోయి ఉందో, చెప్పడం మొదలుపెడితే కానీ వాళ్ళకే తెలియలేదు. పచ్చ బొత్తాం ఒక్కసారి కూడా పడలేదు. అన్నీ తీర్మానం ప్రకారమే జరిగాయి, ఒక్కటి తప్ప. కనకలత వద్దన్నా జాన్ బాబు వచ్చాడు. ఎవరికీ అంటకుండా రోడ్డుకు అవతలి పక్కన, దుప్పటి కప్పుకుని ఒంటరిగా నిలబడ్డాడు. స్తెఫనన్నను చూసి పోతానన్నాడు. నోరీన్ అంబులెన్సుకు ఫోను చేసింది.

లోపలికి పోనివాళ్ళంతా రోడ్డు పొడవునా వరసగా నిలబడ్డారు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, జీపులో వచ్చి గుంపులు నిషేధమన్నారు. మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన దూరం ఉంది. ఇది గుంపు కాదు, శవయాత్ర అంది నోరీన్. వాళ్ళు పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. కనకలత తన పేరు, తర్వాత ఇంటి పేరు, నిదానంగా అక్షరం అక్షరం చెప్పింది. పర్మిటు సంగతి గుర్తొచ్చింది, అయినా కదల్లేదు.

మధ్యాహ్నం కావస్తుండగా నల్ల కారు వచ్చి గేటు ముందు ఆగింది. కనకలత ఫోను ఎత్తి పట్టుకుంది. బాపట్లలో భానుమతి చూస్తోంది. వెక్కి వెక్కి ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, రోడ్డు వెంట ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"వీళ్ళంతా ఎవరక్కా?"

"స్తెఫనుతోని పనిచేసినోళ్ళు."

"అయితే ఆయనకి జొరమని అందరికీ తెలుసా?"

అబద్ధమాడే రోజు కాదది. "తెలుసు," అంది కనకలత.

"మరి ఎవరూ ఆపలేదా?"

ప్లాంటు మేనేజరు అప్పటికే గేటు బయటికి వచ్చి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. భానుమతి అడిగిన మాటను కనకలత ఇంగ్లీషులో పక్క మనిషికి చెప్పింది. ఆమె తన పక్కనున్నవాడికి చెప్పింది. అతను ఫిట్టరుకు చెప్పాడు. మాస్కుల వెనక నుంచి, ఒకరి నుంచి ఒకరికి, ఆ మాట రోడ్డు వెంట గేటు దాకా నడిచింది. గేటుకు అందరి కంటే దగ్గరగా నిలబడ్డ నోరీన్ దాన్ని మేనేజరు ముఖం మీదే అడిగింది. అతను వెనక్కి, గేటు వైపు తిరిగాడు. ఆమె మళ్ళీ అడిగింది. మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళ బస్సు వచ్చి ఆగింది, దిగినవాళ్ళు ఏం జరుగుతోందని అడిగారు, విన్నారు, లోపలికి పోకుండా వరస చివర నిలబడ్డారు.